పైపులు అప్పగించాం, నీళ్లెవరిస్తారు?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెంగళూరు శివారు లేఔట్లలో స్థిరపడిన తెలుగువారివే. డెవలపర్ వేసిన బోర్లు, ట్యాంకు, పైపులైన్లు ఇకమీదట ఎవరివి, చెడిపోతే ఎవరు బాగుచేయాలి, నగరపాలికకు అప్పగిస్తే కావేరి నీళ్లు వచ్చేస్తాయా అన్నవే వాటిలో తిరిగి తిరిగి కనిపించిన సందేహాలు. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాం. పంపినవారి పేర్లు, లేఔట్ల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది వర్తూరు దగ్గర బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికార) ఆమోదం పొందిన ప్రైవేటు లేఔట్. రెండు వందలకు పైగా సైట్లున్నాయి, సగానికి పైగా సైట్లలో ఇళ్లు వచ్చాయి. డెవలపర్ వేయించిన మూడు బోర్లు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు, వీధివీధికీ పీవీసీ లైను ఉన్నాయి. కొంతకాలం కిందట ఆయన "లేఔట్ అప్పగించేశాం, ఇక మాకు సంబంధం లేదు" అని ఉత్తరం రాసి వాల్వ్‌మ్యాన్‌ను మాన్పించారు. ఒక కార్యాలయానికి వెళ్తే రోడ్లు, పార్కుల వరకే తమదన్నారు. ఇంకో కార్యాలయంలో ఆ పైపులు తమ లెక్కలో లేవన్నారు. ఇంతకీ బాధ్యత ఎవరిది?
– సంక్షేమ సంఘం కార్యదర్శి, వర్తూరు

జవాబు: మీకు ముగ్గురు చెప్పిన మాటల్లోనూ కొంత కొంత నిజం ఉంది. వ్యవహారం తెగకపోవడానికి కారణం కూడా అదే.

ముందు చట్టం సంగతి చూద్దాం. బెంగళూరు అభివృద్ధి ప్రాధికార చట్టం, 1976లోని 32వ సెక్షన్ ప్రైవేటు లేఔట్లకు సంబంధించినది. లేఔట్ వేయదలచినవారు రోడ్లు, మురుగుకాల్వలు, నీటి సరఫరా మెయిన్ లైన్లు, ఖాళీ స్థలాల యాజమాన్యాన్ని ఎటువంటి పరిహారమూ కోరకుండా శాశ్వతంగా ప్రాధికారకు బదిలీ చేయడానికి అంగీకరించాలని ఆ సెక్షన్ 5వ ఉపసెక్షన్ చెబుతుంది. నీటి మెయిన్ లైన్లు అన్న మాట చట్టంలోనే ఉంది కాబట్టి, అప్పగింత అంటే రోడ్లు, పార్కులు మాత్రమేనని ఎవరైనా అంటే అది పూర్తి మాట కాదు. అలాగే ఆమోదం పొందిన లేఔట్‌లో "పైపులు మా సొంతం" అని చెప్పుకునే డెవలపర్ వాదనకూ బలం లేదు.

అయితే ఆ బదిలీ జరిగేది బీడీఏకు. రోజువారీగా రోడ్డు గుంతలు పూడ్చేది నగరపాలిక. మంచినీళ్లు, భూగర్భ మురుగు చూసేది జలమండలి. చాలా ఊళ్లలో మునిసిపాలిటీయే నీళ్లు కూడా ఇస్తుంది. బెంగళూరులో మాత్రం 1964 నాటి చట్టంతో నీటికీ మురుగుకూ ప్రత్యేక బోర్డు ఏర్పడింది. కాబట్టి డెవలపర్ నుంచి బీడీఏకు జరిగిన అప్పగింత మొదటి మెట్టు మాత్రమే. అక్కడి నుంచి రోడ్లు నగరపాలికకు, పైపులు, మ్యాన్‌హోళ్లు జలమండలికి విడివిడిగా చేరాలి. రెండో మెట్టు ఎక్కకుండా ఆగిపోయిన లేఔట్లు శివార్లలో చాలానే ఉన్నాయి, మీది వాటిలో ఒకటిగా కనిపిస్తోంది. దీనికి తోడు 2025 సెప్టెంబరు 2 నుంచి, అప్పటిదాకా నగరమంతటికీ ఒకే నగరపాలికగా ఉన్న బీబీఎంపీ స్థానంలో ఐదు నగరపాలికలు వచ్చాయి. వర్తూరు ఉన్న మహదేవపుర ప్రాంతం ఇప్పుడు బెంగళూరు తూర్పు నగరపాలిక కిందకు వస్తుంది. పాత బీబీఎంపీ పేరుతో ఇచ్చిన అర్జీలు ఏ బల్లమీద ఉన్నాయో ముందుగా కనుక్కోండి, దొరకకపోతే కొత్తగా ఇవ్వండి. జలమండలి మాత్రం మారలేదు, మునుపటిలాగే ఒకే సంస్థ.

ఇప్పుడు మీరు చేయవలసింది కాగితాలు సేకరించడం. లేఔట్ మంజూరు పటం, దానితోపాటు ఇచ్చిన షరతుల పత్రం, డెవలపర్ రిజిస్టరు చేయించిన అప్పగింత పత్రం (కన్నడ కాగితాల్లో దానిని హస్తాంతర పత్రం అంటారు), ఆ పత్రం చివర ఉండే షెడ్యూలు కావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది షెడ్యూలే. రోడ్ల కొలతలు, పార్కుల విస్తీర్ణం రాసి, బోర్లు, ట్యాంకు, పైపుల పొడవు, వాల్వుల గురించి ఒక్క ముక్క కూడా లేని షెడ్యూళ్లు నేను చాలా చూశాను. మీ దానిలోనూ అలాగే ఉంటే, నీటి వ్యవస్థను జాబితాతో సహా అప్పగిస్తూ అనుబంధ పత్రం రాసివ్వమని డెవలపర్‌ను అడగండి. ఆయన పలకకపోతే సమాచార హక్కు చట్టం కింద బీడీఏను రెండే ప్రశ్నలు అడగండి: ఈ లేఔట్ నీటి మెయిన్ లైన్లు మీకు ఏ తేదీన చేరాయి, వాటిని జలమండలికి ఏ పత్రం ద్వారా ఇచ్చారు? 30 రోజుల్లో జవాబు రావాలి. "అప్పగించలేదు" అని వచ్చినా అది మీకు పనికొచ్చే కాగితమే, ఎందుకంటే అప్పుడు డెవలపర్ రాసిన ఉత్తరం చెల్లదని లిఖితపూర్వకంగా తేలుతుంది.

మరో మాట కూడా చెప్పాలి. ఆయకట్టు రికార్డులో సర్వే నంబరు ఎక్కినంత మాత్రాన కాలువ చివరి మడికి నీరందదని మన రాయలసీమ రైతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పైపుల అప్పగింత, నీళ్ల సరఫరా కూడా అంతే. 2007లో చుట్టుపక్కల 110 గ్రామాలను నగరంలో కలిపారు. ఆ గ్రామాల కోసం తలపెట్టిన కావేరి ఐదో దశను ప్రారంభించింది 2024 అక్టోబరు 16న. మధ్యలో గడిచిన పదిహేడేళ్లూ అక్కడ చాలామంది నగరపాలికకు పన్ను కడుతూనే ట్యాంకర్ నీళ్లు కొన్నారు. ఐదో దశ సామర్థ్యం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. అంతకుముందు నగరానికి వస్తున్న కావేరి నీరు రోజుకు సుమారు 145 కోట్ల లీటర్లు. మండ్య జిల్లా తొరెకాడనహళ్లి నుంచి దాదాపు వంద కిలోమీటర్ల దూరం పంపులతో ఎత్తిపోసి తెచ్చిన ఆ నీరు మీ వీధి మొదట్లోని ప్రధాన లైనుకు చేరిందా, మీ లేఔట్‌కు కనెక్షన్ ఇచ్చే వీలుందా అన్నది అప్పగింతతో నిమిత్తం లేని వేరే ప్రశ్న. దానికి వేరే అర్జీ పెట్టాలి. రెండింటినీ ఒకే ఉత్తరంలో కలిపి రాస్తే ఏదో ఒకదానికే జవాబిచ్చి ఫైలు మూసేస్తారు.

ప్రశ్న: మా లేఔట్ పైపులను తీసుకునే ముందు ఇంజినీర్లు వచ్చి పరిశీలిస్తారని తెలిసింది. ఏమేం చూస్తారు? మా దగ్గర డ్రాయింగులు లేవు. లైను ఎక్కడ పోతుందో పాత వాల్వ్‌మ్యాన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హొరమావు

జవాబు: అయితే ఆ పాత వాల్వ్‌మ్యాన్ ఊళ్లో ఉండగానే ఆయనను పిలిపించండి, అయ్యా. ఒక ఆదివారం రోజు ఆయనతో కలిసి లేఔట్ అంతా నడిచి, ప్రతి వాల్వ్ చాంబర్ మూత తీయించి, పెయింటుతో నంబరు వేయించండి. ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి నీళ్లు ఆగుతాయో, పూర్తిగా మూయడానికి ఎన్ని చుట్లు తిప్పాలో, ఏది బిగుసుకుపోయి కదలడం లేదో ఒక పుస్తకంలో రాయించండి. మట్టితో పూడిపోయిన చాంబర్లు కనీసం కొన్నైనా బయటపడతాయి. రోడ్డుకు తారు వేసినప్పుడు మూతల మీదుగా వేసేసిన చాంబర్లుంటాయి, వాటిని ఇనుప కడ్డీతో కొట్టి శబ్దాన్ని బట్టి పోల్చగలిగినవారు ఆయనే. ఆ పుస్తకాన్ని పట్టుకుని డిప్లొమా చదివిన కుర్రాడెవరైనా మంజూరు పటం మీద లైన్లు గీసిస్తే, మీ చేతికి పని జరిగిన తీరును చూపే పటం వచ్చినట్టే. డెవలపర్ ఇవ్వవలసినదే అది, కానీ ఇచ్చినవారు తక్కువ.

పరిశీలనకు వచ్చేవారు చూసేవి ప్రధానంగా పైపు రకం, వ్యాసం, ఎంత లోతున వేశారు, మురుగు లైనుకు ఎంత దూరంలో ఉంది, ఒత్తిడి పెట్టి పరీక్షిస్తే నిలుస్తుందా, గాలి పోయే వాల్వులు, అడుగు బురద వదిలే వాల్వులు ఉన్నాయా, లేఔట్ మొత్తానికి ఒక పెద్ద మీటరు పెట్టే చోటుందా అన్నవి. వీటిలో మన లేఔట్లు తరచుగా తప్పేది లోతు, దూరం విషయంలోనే. ఒకే గుంత తవ్వి పైన నీళ్ల పైపు, కింద మురుగు పైపు వేసి ఖర్చు మిగుల్చుకున్నచోట్ల, నీళ్లు వదలని గంటల్లో లైనులో ఖాళీ ఏర్పడి, ఎక్కడైనా చిన్న పగులు ఉంటే చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాక్కుంటుంది. ఉదయం మొదటి బకెట్టు నీళ్లు వాసన వస్తున్నాయంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

లీకేజీ ఎంతో తెలుసుకోవడానికి మీటరు లేకపోయినా ఒక మార్గం ఉంది. రాత్రి రెండు గంటల ప్రాంతంలో ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు ఆపి, ఇళ్ల సంపులకు వెళ్లే వాల్వులన్నీ ముందే మూయించి, వీధి లైను మాత్రం నిండుగా ఉంచి, ట్యాంకులో నీటిమట్టం కొలవండి. గంట తర్వాత మళ్లీ కొలవండి. ట్యాంకు లోపలి కొలత 6 మీటర్లు, 5 మీటర్లు అనుకుంటే, మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 300 లీటర్లు పోయినట్టు. గంటలో 4 సెంటీమీటర్లు తగ్గిందంటే 1,200 లీటర్లు. లైను రోజంతా నిండి ఉండే పద్ధతి అయితే రోజుకు 28,800 లీటర్లు భూమిలోకి పోతున్నట్టు, అంటే 6,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఐదు. ఈ లెక్క చేతిలో పెట్టుకుని వీధి వాల్వులు ఒక్కొక్కటే మూస్తూ పోతే ఏ వీధిలో కారుతోందో తెలిసిపోతుంది. బాగుచేయించి, మళ్లీ కొలిచి, రెండు కొలతలూ తేదీలతో రాసి అర్జీకి జతచేయండి.

ఇంత చేశాక కూడా జలమండలి మీ లైన్లు తీసుకోకపోవచ్చు. బోర్డు తన వీధి లైన్లకు సాధారణంగా డక్టైల్ ఐరన్ పైపులు వాడుతుంది. పాత పీవీసీ లైను పక్కనే కొత్తది వేసి కనెక్షన్లిచ్చిన ప్రాంతాలు చాలా ఉన్నాయి. దీనికి బాధపడనక్కర్లేదు, నా దృష్టిలో అదే మేలైన మార్గం. అప్పుడు మీ పాత లైను బోరు నీళ్లకు మిగులుతుంది. కానీ ఆ రెండు లైన్లనూ ఎక్కడా కలపకూడదు. "కావేరి రాని రోజు బోరు నీళ్లు వదులుకుందాం" అని మధ్యలో ఒక వాల్వు పెట్టి కలిపేస్తారు. ఆ వాల్వు ఒక్కరోజు సరిగ్గా మూయకపోతే బోరు నీళ్లు బోర్డు లైనులోకి ఎదురెక్కి పక్క వీధులకు కూడా పోతాయి. ఎవరి సంపులోకి ఏ నీళ్లు పడాలో అక్కడే రెండు వేర్వేరు కుళాయిలతో తేల్చుకోండి.

ప్రశ్న: సర్జాపుర రోడ్డులో మాది మూడు వందల ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. లేఔట్లను తీసుకుంటున్నట్టే మా లోపలి పైపులు, మురుగుశుద్ధి కేంద్రం కూడా నగరపాలిక తీసుకునేలా చేయవచ్చా? శుద్ధి కేంద్రం నిర్వహణకే నెలనెలా చాలా ఖర్చవుతోంది.
– ఫ్లాట్ యజమానురాలు, కసవనహళ్లి

జవాబు: లేదమ్మా. లేఔట్ రోడ్లు అప్పగింతతో ప్రజల ఆస్తి అయ్యాయి కాబట్టే వాటి కింది పైపులను తీసుకునే ప్రశ్న పుట్టింది. మీ కాంపౌండు లోపలి దారులు ఫ్లాట్ యజమానులందరి ఉమ్మడి ఆస్తి. జలమండలి బాధ్యత మీ గేటు దగ్గరి మీటరుతో ముగుస్తుంది. సంపు, లోపలి పంపులు, నిలువు లైన్లు, మీ ఫ్లాట్‌లోకి వచ్చే పైపు అన్నీ సంఘానివే. శుద్ధి కేంద్రం కూడా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి షరతుల ప్రకారం సంఘమే నడపాలి.

అయితే మీరు బిల్డర్‌ను వదిలేయనక్కర్లేదు. స్థిరాస్తి నియంత్రణ చట్టం, 2016 (రెరా) 14వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారం, నిర్మాణ లోపమే కాదు, పనితనంలో, నాణ్యతలో, కల్పించిన సేవల్లో లోపం ఉన్నా, ఫ్లాట్ స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మూడు వందల ఫ్లాట్లకు సరిపోతుందని చెప్పిన శుద్ధి కేంద్రం సగం నిండిన భవనానికే పొంగిపొర్లుతుంటే అది సేవల్లో లోపం కిందకే వస్తుందని నా అభిప్రాయం. ఫ్లాట్ల వారీగా స్వాధీన తేదీలు వేరుగా ఉంటాయి, వాటిలో అన్నిటికంటే ముందుది చూసుకుని ఐదేళ్లు దాటకముందే సంఘం తరఫున లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మాటల్లో చెప్పినవి, వాట్సాప్ గ్రూపులో పెట్టినవి తర్వాత అక్కరకు రావు. ఈ సెక్షన్ ఫ్లాట్లకే పరిమితం కాదు, రెరా కింద నమోదైన సైట్ల లేఔట్లకూ వర్తిస్తుంది. వర్తూరు మిత్రులు తమ లేఔట్ నమోదైందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ప్రశ్న: మాది బి-ఖాతా (అనుమతులు సక్రమంగా లేని ఆస్తులకు వేరుగా ఉంచే పన్ను రికార్డు) సైట్ల రెవెన్యూ లేఔట్. ఏ సంస్థ ఆమోదమూ లేదు. మా పైపులైన్లు ఎవరికి అప్పగించాలి?
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

జవాబు: అప్పగించడానికి ముందుగా అప్పగించుకునేవారికి హక్కు పుట్టించే మంజూరు ఉండాలి, అది మీకు లేదు. మీ రోడ్లు ఇప్పటికీ పాత భూయజమాని పేరునే ఉండవచ్చు, పహణీ తీయించి చూసుకోండి. రోడ్డును ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అక్కడ లైను వేస్తే కనెక్షన్ అడిగే అవకాశం ఉంటుంది. కాకపోతే నీళ్లు, విద్యుత్తు వంటి కనెక్షన్లు నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం చూపాకే ఇవ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. కొత్తగా ఇల్లు కట్టబోయేవారు దీన్ని దృష్టిలో ఉంచుకోవాలి.

ప్రశ్న: ఆనేకల్ తాలూకాలో మా లేఔట్ గ్రామ పంచాయతీ పరిధిలో ఉంది. పంచాయతీ వాళ్లు ట్యాంకును తీసుకుంటామంటున్నారు, మా సంఘంలో కొందరు ఒప్పుకోవడం లేదు. తీసుకుంటే మంచిదేనా?
– సంఘం సభ్యురాలు, ఆనేకల్

జవాబు: పంచాయతీ ముందుకు రావడం మామూలు విషయం కాదు, తొందరపడి వద్దనకండి. కానీ వారు ఏ లెక్కన నీళ్లిస్తారో అడగండి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. మురుగు లైన్లున్న పట్టణాలకు కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సూచించేది 135 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి మొదటి లెక్కన 275 లీటర్లు, రెండో లెక్కన 675 లీటర్లు. మీ ఇళ్లలో ఫ్లష్ మరుగుదొడ్లు, వాషింగ్ మెషీన్లు ఉన్నాయి, అంటే మీ వాడకం రెండో లెక్కకు దగ్గర. పంచాయతీ మొదటి లెక్కన ఇస్తుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నదే మీ సంఘంలో జరగవలసిన చర్చ, పంచాయతీ మంచిదా చెడ్డదా అన్నది కాదు.

ఊరికీ మీ లేఔట్‌కూ కలిపి ఒకే వాటర్‌మ్యాన్ ఉంటే మీ వంతు ఏ పూట వస్తుందో కూడా ముందే రాయించుకోండి. ఊరివారు, లేఔట్ వారు అని రెండు వర్గాలుగా చీలిపోయి ట్యాంకు దగ్గర తగాదాలు పడే చోట్ల మూలకారణం దాదాపు ఎప్పుడూ వేళల పట్టిక లేకపోవడమే.

ప్రశ్న: మా అబ్బాయి ఐర్లండ్‌లో డబ్లిన్ శివార్లలో ఇల్లు కొన్నాడు. అక్కడ కొత్త కాలనీల రోడ్లు, పైపులు కౌన్సిల్ వారే తీసుకుంటారట, మనలాగ అవస్థలు ఉండవట. నిజమేనా?
– ఒక తల్లి, జయనగర

జవాబు: సగం నిజం. అక్కడి 2000 నాటి ప్రణాళికా చట్టం 180వ సెక్షన్ ప్రకారం, కాలనీ నిబంధనల మేరకు పూర్తయ్యాక డెవలపర్ గాని, ఇళ్ల యజమానుల్లో అధిక సంఖ్యాకులు గాని కోరితే స్థానిక కౌన్సిల్ దానిని తన బాధ్యతలోకి తీసుకునే ప్రక్రియ మొదలుపెట్టాలి. కోరే హక్కు నివాసులకు కూడా ఉండడం గమనించండి. అనుమతి ఇచ్చేటప్పుడే డెవలపర్ నుంచి హామీ సొమ్ము తీసుకునే పద్ధతి ఉంది, పని మధ్యలో వదిలేస్తే దానితో పూర్తి చేయించవచ్చు.

ఆచరణలో మాత్రం వారికీ చిక్కులొచ్చాయి. 2008 తర్వాత అక్కడ ఇళ్ల వ్యాపారం కుప్పకూలి, 2010లో ప్రభుత్వం లెక్క తీయిస్తే అసంపూర్తిగా మిగిలిన కాలనీలు 2,800కు పైగా తేలాయి. డెవలపర్లు దివాలా తీశారు, హామీ సొమ్ము పలుచోట్ల చాలలేదు. ఆపైన 2014 జనవరి నుంచి నీళ్లు, మురుగు బాధ్యతను కౌన్సిళ్ల నుంచి తీసి ఐరిష్ వాటర్ (ఇప్పుడు దాని పేరు ఇష్కా ఏరన్) అనే జాతీయ సంస్థకు ఇచ్చారు. అంటే రోడ్డు కౌన్సిల్‌ది, పైపు ఇంకొకరిది. బెంగళూరువారికి ఈ విభజన గురించి వివరించనక్కర్లేదు. పక్కనే ఇంగ్లండు, వేల్సులలో 2011 అక్టోబరు 1న, పలు ఇళ్లు కలిసి వాడుకునే ప్రైవేటు మురుగు లైన్లను ఒకే తేదీతో నీటి కంపెనీలకు బదిలీ చేసేశారు. ఎవరి పైపు ఏ స్థితిలో ఉందని ఒక్కొక్కటీ తేల్చుకుంటూ కూర్చోకుండా తేదీ పెట్టి తీసుకోవడం అందులోని విశేషం. మన దగ్గర కూడా పదేళ్లు దాటిన ఆమోదిత లేఔట్లకైనా అలాంటి తేదీ ఒకటి ప్రకటిస్తే బాగుంటుందని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. మీ అబ్బాయిని మాత్రం ఆ కాలనీని కౌన్సిల్ తీసుకుందో లేదో, పైపులు ఆ జాతీయ నీటి సంస్థకు చేరాయో లేదో తన లాయర్‌ను విడివిడిగా అడగమనండి.

ప్రశ్న: మా లేఔట్‌లో రెండు బోర్లు బాగా పడ్డాయి. అప్పగిస్తే ఆ నీళ్లను పక్క లేఔట్‌కు మళ్లిస్తారని సభ్యులు భయపడుతున్నారు. బోర్లు ఉంచుకుని పైపులు మాత్రం ఇవ్వవచ్చా? డెవలపర్ దగ్గర మేం కట్టిన నిర్వహణ నిధి సంగతేమిటి?
– కోశాధికారి, బన్నేరుఘట్ట రోడ్డు

జవాబు: ముందు ఆ బోర్లు ఎక్కడున్నాయో పటం మీద చూడండి. పార్కులోనో, పౌర సదుపాయాలకు వదిలిన స్థలంలోనో ఉంటే ఆ స్థలం ఎప్పుడో ప్రభుత్వానిది అయిపోయింది. బోరు మీదని వాదించడం కష్టం. సంఘం పేరున కొన్న సైటులో ఉంటే ఉంచుకోవచ్చు, కాకపోతే 2011 నాటి కర్ణాటక భూగర్భ జల చట్టం కింద అవసరమైన నమోదు ఉందో లేదో చూసుకోండి. మళ్లిస్తారన్న భయం నిరాధారం కాదు. ప్రభుత్వ బోరు అయ్యాక అది మీ ఒక్కరిదీ కాదు, 2024 మార్చిలో నగరంలోని ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పినప్పుడు నీళ్లున్న బోరు నుంచి లేనిచోటికి తరలించడం తప్పూ కాదు. అలాంటి వేసవి మీ బోరుకే వస్తే అదే నియమం మీకు పనికొస్తుంది.

నిజంగా జాగ్రత్తపడవలసింది కరెంటు విషయంలో. బోరు మోటార్ల ఆర్‌ఆర్ నంబరు (విద్యుత్ సంస్థ బెస్కాం ఇచ్చే కనెక్షన్ నంబరు) చాలా లేఔట్లలో ఇంకా డెవలపర్ పేరునే ఉంటుంది. ఆయన బిల్లు కట్టడం మానేస్తే కనెక్షన్ తీసేస్తారు, బకాయి తేలేదాకా తీసుకోబోయే సంస్థ కూడా ఒప్పుకోదు. కాబట్టి అప్పగింత రోజున సంతకాలు చేసే జాబితాలో ఒక్కో బోరు లోతు, మోటారు హార్స్‌పవర్, ప్యానెల్ బోర్డు స్థితి, ఆర్‌ఆర్ నంబరు, చివరి బిల్లు కట్టిన తేదీ, మీటరు రీడింగు రాయించి, డెవలపర్, సంఘం, తీసుకునే అధికారి ముగ్గురూ సంతకం పెట్టాలి. మీటరు ఫోటో తీసి జతచేయండి.

నిర్వహణ నిధి వేరే లెక్క. సైటు అమ్మేటప్పుడు డెవలపర్ ఆ సొమ్మును ఏ పేరున వసూలు చేశారో రశీదుల్లో చూడండి. నిర్వహణ డిపాజిట్ అని ఉంటే ఖర్చుల లెక్క, మిగిలిన సొమ్ము రెండూ అడగవచ్చు, అప్పగింతతో ఆ బాకీ రద్దు కాదు. నీటి పథకాల వాటా అని రాసి ఉంటే మాత్రం ఆ మొత్తాన్ని బీడీఏకు కట్టారో లేదో చలానా చూపించమనండి. ఎందుకంటే నీటి సరఫరా పెంచే పథకాల ఖర్చులో వాటాను లేఔట్ వేసేవారి నుంచి కోరే అధికారం అదే 32వ సెక్షన్‌లోని 5ఎ ఉపసెక్షన్‌లో ఉంది. మీ నుంచి తీసుకుని అక్కడ కట్టకపోయి ఉంటే, రేపు కనెక్షన్ కోసం వెళ్లినప్పుడు అదే సొమ్మును మళ్లీ మీ దగ్గరే అడిగే ప్రమాదం ఉంది. చలానా నకలు చేతికొచ్చేదాకా డెవలపర్‌కు "బాకీలేవీ లేవు" అనే పత్రం సంఘం తరఫున ఇవ్వకండి. చాలామంది కార్యదర్శులు ఆయన తెచ్చిన కాగితాల కట్టలో దాని మీద కూడా చదవకుండా సంతకం పెట్టేస్తున్నారు.